జాయినింగ్‌కి ముందే కంపెనీని చదవడం: రాయగడ నుంచి కొన్ని లెక్కలు

మా మేనకోడలు బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. పోయిన చలికాలంలో ఒక ఆదివారం రెండు ఉద్యోగాలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఒకటి విశాఖ అవతల పరవాడ వైపు ఉన్న మందుల కంపెనీది. మందపాటి కాగితం, పైన రంగుల లోగో, కింద హెచ్‌ఆర్ సంతకం. రెండోదానికి కాగితమే లేదు, ఫోన్లో ఒక వాట్సాప్ మెసేజీ మాత్రం ఉంది. ఒడిశాలోని మా రాయగడకి గంటన్నర దూరంలో ఉన్న ప్లాంటు ల్యాబులో శాంపిళ్లు పరీక్షించే పని, కాంట్రాక్టరు కింద. "ఏది మంచిది మావయ్యా?" అని అడిగింది. ఇంట్లో వాళ్లంతా అప్పటికే తేల్చేశారు, లోగో ఉన్నదే మంచిదని. నేనూ మొదట అదే అన్నాను.

అలా అన్నందుకు తర్వాత కొంచెం సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీల టైమాఫీసుల్లో కూర్చున్నవాణ్ని. హాజరు రాయడం, గేటు పాసులు ఇవ్వడం, కొత్తగా చేరేవాళ్ల ఫైళ్లు కట్టడం నా పని. ఏ కంపెనీ ఎలాంటిదో జీతాల పట్టీ కంటే ముందు, మనిషిని చేర్చుకునే తీరులోనే తెలిసిపోయేది. పెళ్లిచూపుల్లో ఎవరైనా మంచి చొక్కానే వేసుకొస్తారు. అక్కడే కసురుకునేవాడు తర్వాత మెత్తబడతాడని ఎవరూ అనుకోరు. ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి మాత్రం అదే మాట మర్చిపోతాం. "చేరాక సర్దుకుంటుందిలే" అంటాం.

నేను చూసేది ఒక్కటే. మనిషిని తీసుకోవడంలో కొన్ని బరువులుంటాయి: డబ్బు, సమయం, కాగితాలు, పని కుదరకపోతే వచ్చే నష్టం. కంపెనీ వాటిని తాను మోస్తోందా, మన నెత్తిన పెడుతోందా? చేరకముందే మన నెత్తిన పెట్టినవాడు, చేరాక దించుకోవడం నేను చూడలేదు.

డబ్బు అడిగితే

దీని మీద ఎక్కువ రాయక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ అంటూ ఏ పేరు పెట్టినా, ఉద్యోగం ఇచ్చేవాడు ఉద్యోగం అడిగేవాడి దగ్గర డబ్బు తీసుకుంటే అక్కడితో ఆ పోలిక ముగిసినట్టే. రెండో కాలమ్ నింపే పని కూడా లేదు.

మా వైపు ఇది ఎక్కువగా రెండు రూపాల్లో వస్తుంది. దమన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో ఉంది, సునాబెడలో విమానాల సంస్థ హెచ్ఏఎల్ ఇంజన్ల డివిజన్ ఉంది. కాబట్టి "లోపల మనవాడున్నాడు, ఇంత ఇస్తే పని అయిపోతుంది" అనేవాడు ప్రతి బస్టాండులోనూ ఒకడుంటాడు. ప్రభుత్వరంగ సంస్థ నోటిఫికేషన్‌కి ఒక నంబరు ఉంటుంది, దరఖాస్తు వాళ్ల సొంత వెబ్‌సైటులోనే చేయాలి, ఫీజు ఉంటే అది ఆ పోర్టల్లోనే కట్టాలి. నాల్కో ఇంజనీరు ట్రైనీలను గేట్ పరీక్ష మార్కుల మీద పిలుస్తుంది. కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే ఎత్తేశారు. ఇక ఆ "మనవాడు" లోపల కూర్చుని ఏం చేస్తాడో అడగండి.

రెండోది గల్ఫ్. గంజాం నుంచి, ఇటు శ్రీకాకుళం నుంచి వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు వెళ్తూనే ఉంటారు. అక్కడ ఏజెంటు ఫీజు తీసుకోవడం చట్టం ఒప్పుకున్నదే, కానీ దానికి హద్దుంది. రూ.30,000, దాని మీద జీఎస్టీ, అంతే. ఏజెంటుకి విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్లో వాడి పేరు కనిపించాలి. లక్షా ఇరవై అడిగి రసీదు ఇవ్వనివాడితో బేరమాడి ఎనభైకి దించడం గెలుపు కాదు.

బీరువా సంగతి

ఇది నా కథ. చదువు అయిపోగానే ఒక ఫ్యాక్టరీలో చేరాను, పేరు వద్దు. జాయినింగ్ రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. చూసి ఇచ్చేస్తారనుకున్నాను. గుమాస్తా వాటిని గులాబీరంగు ఫైల్లో పెట్టి, దారం ముడేసి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "రెండేళ్లు బాబూ" అన్నాడు, అదేదో బ్యాంకు లాకరన్నట్టు. తొమ్మిది నెలల తర్వాత నాకు ఒక ప్రభుత్వ సంస్థ నుంచి సర్టిఫికెట్ల పరిశీలనకి పిలుపొచ్చింది. మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాను. పెద్దాయన సెలవులో ఉన్నాడని ఒకరోజు, తాళం దొరకలేదని ఒకరోజు. మూడో రోజు గడువు దాటింది.

నాలుగేళ్లకి అదే టైమాఫీసులో నాకే ఆ బీరువా తాళం ఇచ్చారు. తెరిస్తే అరవై డెబ్బై ఫైళ్లు. కొన్నిటికి చెదలు పట్టాయి. ఒకతని పదో తరగతి మార్కుల లిస్టు అంచు తినేసింది. పారిపోతారన్న భయంతో పెట్టుకున్న కాగితాలు అవి. కానీ జనం ఎందుకు పారిపోతున్నారని ఆ ఆఫీసులో ఎవరూ అడగలేదు, నాతో సహా.

అందుకే ఇప్పటికీ ఎవరైనా సలహా అడిగితే నా మొదటి ప్రశ్న అదే: ఒరిజినల్స్ చూస్తామన్నారా, ఉంచుకుంటామన్నారా? చూడటం వాళ్ల హక్కు. అవి నకిలీవో కావో వాళ్లకి తెలియాలి. ఉంచుకోవడం వేరే సంగతి. మంచి కంపెనీ జిరాక్స్ మీద "ఒరిజినల్‌తో సరిచూశాను" అని సంతకం పెట్టి, ఒరిజినల్ అక్కడికక్కడే మీ చేతిలో పెడుతుంది. ఉంచుకుంటామని ఫోన్లోనే చెప్తే కనీసం ప్రయాణ ఖర్చు మిగులుతుంది. చెప్పకుండా జాయినింగ్ రోజున, మీరు గది అద్దె అడ్వాన్సు కట్టేశాక చెప్తే, అది ఇంకా హీనం.

బాండు కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాదులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు గునుపూరు, బరంపురం కాలేజీల నుంచి పిల్లల్ని తీసుకునేటప్పుడు రెండేళ్ల బాండు రాయించుకుంటాయి. "బాండు కోర్టులో చెల్లదులే, పెట్టేయ్ సంతకం" అని స్నేహితులు చెప్తారు. ఆ మాట నమ్మొద్దు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే రూ.2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పిచ్చింది. అది వేరే ఉద్యోగం చేసుకోకుండా అడ్డుపడే షరతు కాదు, మధ్యలో వదిలేస్తే ఖర్చు కట్టమనడం అని చూసింది కోర్టు. అయితే అక్కడ ఉన్నది దేశమంతటా పరీక్ష పెట్టి అధికారులను ఎంచుకునే ప్రభుత్వ బ్యాంకు. మీకు పదిహేను రోజులు యూట్యూబు పాఠాలు చూపించి "ట్రైనింగ్ ఖర్చు లక్షన్నర" అనే కంపెనీ అదే వాదన నిలబెట్టుకోవాలంటే ఆ ఖర్చు చూపించాలి. కాబట్టి బాండు ఉందా లేదా అన్నదొక్కటే చూసి ఊరుకోకండి. ఎంత, దేనికి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా అని అడగండి. ఇంటర్వ్యూకి ముందే బాండు కాగితం పంపినవాడు బేరానికి కూర్చున్నాడు. జాయినింగ్ రోజు సాయంత్రం ఐదింటికి ఇచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేవాడు వల వేశాడు.

ఖాళీ చెక్కు మీద సంతకం అడిగితే మాత్రం ఆలోచించే పనే లేదు, లేచి వచ్చేయండి. ఆ చెక్కు బౌన్సు అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద అది క్రిమినల్ కేసు.

లోగో ఉన్న కాగితం, లోపలి లెక్క

మా పిల్లకి వచ్చిన లెటర్లో పెద్ద అక్షరాల్లో ఉన్నది "సంవత్సరానికి రూ.2,64,000". మా చెల్లెలు దాన్ని పన్నెండుతో భాగించి, నెలకు 22,000 అని వీధిలో చెప్పేసింది కూడా. వెనక పేజీలో ఉన్న పట్టీ ఎవరూ చదవలేదు. కూర్చోబెట్టి చదివాను.

బేసిక్ 13,000, అలవెన్సులు 4,500. అంటే కోతలకి ముందు నెల జీతం 17,500. మిగతా 4,500 ఎక్కడిదంటే: కంపెనీ కట్టే పీఎఫ్ 1,560, కంపెనీ కట్టే ఈఎస్‌ఐ 569, గ్రాట్యుటీ కింద 625, బోనస్ వాటా 1,083, క్యాంటీనూ బస్సూ కలిపి 663. ఇవన్నీ కలిపితే 22,000. ఆ తర్వాత పిల్ల వాటా పీఎఫ్ 12 శాతం 1,560, ఈఎస్‌ఐ 0.75 శాతం 132, ఆంధ్రాలో వృత్తి పన్ను 150 పోతాయి. బ్యాంకులో పడేది 15,658.

ఇది మోసం కాదు. సీటీసీ (కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చు) అంటే అదే. పీఎఫ్, గ్రాట్యుటీ నిజంగా మన డబ్బే, ఇప్పుడు కనపడకపోవడమే తేడా. పైగా ఆ పట్టీ అచ్చు వేసి ఇచ్చారు, అది ఆ కంపెనీకి ఒక మంచి మార్కు. పట్టీ లేకుండా "22 ప్యాకేజీ" అని నోటితో చెప్పి, మొదటి నెల జీతం పడ్డాక మీరు ఏడ్చేలా చేసేవాళ్లు చాలామంది.

కాంట్రాక్టరు మెసేజీలో రోజుకి 570, నెలకు 26 రోజులు అని ఉంది. 14,820. పీఎఫ్ 1,778, ఈఎస్‌ఐ 112, ఒడిశా వృత్తి పన్ను 125 తీసేస్తే 12,805. తేడా మూడు వేల లోపే. పరవాడలో గదికి, మెస్సుకి కలిపి ఎంత లేదన్నా 6,500 అవుతుంది. అప్పుడు చేతిలో మిగిలేది 9,158. ఇక్కడ ఇంట్లో తిని, ప్లాంటు బస్సెక్కి వెళ్తే 12,805 అలాగే ఉంటుంది. మా చెల్లెలు నోరు తెరిచింది.

కానీ ఇక్కడే ఆగిపోతే తప్పు. మందుల కంపెనీ ల్యాబులో రెండేళ్లు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏమేం ఉన్నాయో విడదీసి చూసే యంత్రం) మీద చెయ్యి తిరిగితే, ఆ తర్వాత హైదరాబాదులో ఏ కంపెనీ గుమ్మమెక్కినా లోపలికి రమ్మంటారు. ఇక్కడి ప్లాంటులో అల్యూమినా ద్రావణానికి చేసే టైట్రేషన్లకి ఆ గిరాకీ లేదు. మొదటి ఉద్యోగం జీతం కంటే మొదటి ఉద్యోగం నేర్పే పని ఎక్కువ కాలం అన్నం పెడుతుంది. ఈ ఒక్క కారణంతో నేను ఇంకా లోగో వైపే ఉన్నాను.

ఏం అడిగారు, ఏం చేయించారు

పరవాడ కంపెనీది వాకిన్ ఇంటర్వ్యూ. పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. మా పిల్ల ముందురోజే బయల్దేరి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ చేరి, బంధువులింట్లో పడుకుని, ఎనిమిదిన్నరకి గేటు దగ్గరుంది. లోపలికి పిలిచింది మధ్యాహ్నం మూడున్నరకి. ఆరు నిమిషాలు. "నీ బలం ఏమిటి, బలహీనత ఏమిటి?" ఆ తర్వాత "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా?" కెమిస్ట్రీ ప్రశ్న ఒక్కటీ లేదు. నాలుగింటికి సెలెక్టెడ్.

ఇక్కడ ప్లాంటులో కాంట్రాక్టరు మనిషి మొదట ఫోన్లో పది నిమిషాలు మాట్లాడాడట. చదువు, లెక్కలు, షిఫ్టు చేయగలదా అని. తర్వాతే రమ్మన్నాడు. ల్యాబు ఇన్‌ఛార్జి ఒక ఒడియా పెద్దాయన. పిపెట్ చేతికిచ్చి కాస్టిక్ టైట్రేషన్ చేసి చూపించమన్నాడు. ఎండ్‌పాయింటు దాటించేసింది. "మళ్లీ చెయ్యి" అన్నాడు. రెండోసారి సరిగ్గా వచ్చింది. ఫినాఫ్తలీనే ఎందుకు, మిథైల్ ఆరెంజ్ ఎందుకు కాదు అని అడిగాడు. ఆ రోజు వచ్చిన నలుగురికీ అదే పరీక్ష, అవే ప్రశ్నలు.

ఇది వినగానే నా తూకం కొంచెం కదిలింది. ఈ సంగతి మీద పరిశోధనలు కూడా ఉన్నాయి. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 85 ఏళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి, ఏ రకం ఎంపిక పద్ధతి తర్వాతి పనితీరుతో ఎంత కలుస్తుందో లెక్కగట్టారు. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తిగా కలిసింది. అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే పద్ధతిలో అడిగే ఇంటర్వ్యూకి 0.51 వచ్చింది, నోటికొచ్చింది అడిగేదానికి 0.38. అసలు పని చేయించి చూడటానికి 0.54. చేతిరాత చూసి మనిషిని అంచనా కట్టడానికి 0.02, అంటే చిలకజోస్యంతో సమానం. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ లెక్కల్లో దిద్దుబాట్లు ఎక్కువయ్యాయని మళ్లీ వేసి చూస్తే అంకెలు చాలామటుకు తగ్గాయి: పద్ధతి ఉన్న ఇంటర్వ్యూకి 0.42, పద్ధతి లేనిదానికి 0.19. తేడా మాత్రం ఇంకా పెరిగింది.

ఆ పరిశోధనలు కంపెనీల కోసం చేసినవి, మంచి పనివాణ్ని ఎలా పట్టుకోవాలో చెప్పడానికి. నేను వాటిని తిప్పి చదువుతాను. పని చేయించి చూసిన చోట, ఆ పనేమిటో తెలిసినవాడు ఒకడైనా ఉన్నాడని అర్థం. రేపు తప్పు చేస్తే "మళ్లీ చెయ్యి" అనేది ఆయనే. ఆరు నిమిషాల్లో తేల్చేసిన చోట, వాళ్లకి కావలసింది మనిషి కాదు, తల లెక్క. అలా తీసుకున్నవాళ్లలో చాలామంది కొన్ని నెలల్లోనే మానేస్తారని వాళ్లకీ తెలుసు. అందుకే అంత తొందర.

ఒక్క జాగ్రత్త. పని చేయించి చూడటానికీ, ఊరికే పని చేయించుకోవడానికీ తేడా ఉంది. బరంపురంలో ప్రైవేటు స్కూళ్లు టీచర్ల దగ్గర డెమో క్లాసు తీసుకుంటాయి. ఒక పీరియడు చెప్పించుకుంటే న్యాయం. "రెండు వారాలు చెప్పండి, చూద్దాం" అంటే అది సెలవు పెట్టిన టీచరు బదులు మిమ్మల్ని వాడుకోవడం. ఆ స్కూళ్ల గురించి ఇంకొక్క మాట: జీతాల రిజిస్టరులో ఒక అంకె దగ్గర సంతకం పెట్టించుకుని చేతికి ఇంకో అంకె ఇచ్చే అలవాటు ఉందా అని, అక్కడ మానేసిన టీచర్ని అడగండి. పనిచేస్తున్నవాళ్లు చెప్పరు.

కాంట్రాక్టరంటే అసలు యజమాని ఎవరు?

లోగో లేనిదాన్ని పొగిడేసి వదిలేస్తే నేను టైమాఫీసు మనిషినే కాదు. కాంట్రాక్టు కింద ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు, మనుషులు అక్కడే ఉంటారు. పదేళ్లు అదే మెషీను దగ్గర నిలబడ్డవాడికి కాగితం మీద ఐదుగురు యజమానులు. ప్రతిసారీ పీఎఫ్ ఖాతా కొత్తది, సర్వీసు మొదటి నుంచి. పీఎఫ్ కోసం మనిషికి ఇచ్చే యూఏఎన్ నంబరు ఒక్కటే ఉంటే ఖాతాలు కలపొచ్చు గానీ, కొందరు కాంట్రాక్టర్లు ప్రతిసారీ కొత్త యూఏఎన్ తీసేస్తారు. గ్రాట్యుటీ అడిగితే "మా దగ్గర చేరి ఏడాదే కదా" అంటారు. ఇంకా నీచమైనది, జీతం బ్యాంకులో వేసి, ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర పెట్టుకుని, కొంత వెనక్కి లాక్కోవడం. అలాంటి కార్డుల కట్ట రబ్బరుబ్యాండు వేసి ఉండగా నా కళ్లతో చూశాను.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్లాంటు యాజమాన్యమే కట్టాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ అది కొనసాగింది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది కూడా వాటిలో ఉంది. అంటే వాట్సాప్ మెసేజీ సరిపోదు. మెసేజీతో పిలవొచ్చు గానీ, చేర్చుకోవడానికి కాగితం కావాలి.

కాబట్టి కాంట్రాక్టు ఉద్యోగాన్ని తూచేటప్పుడు ప్లాంటు ఎంత పెద్దదని చూడకండి, జీతం ఇచ్చేది ప్లాంటు బోర్డు కాదు. కాంట్రాక్టరు పేరు పూర్తిగా ఏమిటి? లైసెన్సు ఉందా? పీఎఫ్ కోడ్ నంబరు ఎంత? ఆ నంబరుతో ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులో సంస్థ పేరు వెతికితే దొరుకుతుంది. కంపెనీ అని చెప్పుకునేవాడైతే కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కూడా దొరకాలి. ఈ మూడు ప్రశ్నలకి మొహం చిట్లించేవాణ్ని, అంతకుముందు ఎన్ని తీపి మాటలు చెప్పినా, వదిలేయండి.

భద్రత గురించి ఇంటర్వ్యూలో అడగడానికి పిల్లలు భయపడతారు, వద్దనేస్తారేమోనని. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. వాళ్లలో చదువైపోయి కొత్తగా చేరిన ఇంజనీర్లూ ఉన్నారు. "మొదటి రోజు సేఫ్టీ ట్రైనింగ్ ఉంటుందా, సాల్వెంట్ దగ్గర పని ఉంటే మాస్కు ఎవరిస్తారు?" అన్న ప్రశ్నకి చిరాకుపడే చోట, ఆ చిరాకే జవాబు. ఇంకో చిన్న గుర్తు: పని చేసే చోటు ముందు చూపించారా? ల్యాబు చూపించకుండా ఆఫర్ ఇచ్చేవాడు, ఇల్లు చూపించకుండా అడ్వాన్సు అడిగే బ్రోకరులాంటివాడు.

మనం ఏ ఊరివాళ్లమని అడిగితే

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకి ఒక వింత బాధ ఉంది. రాయగడలో ఇంటిపేరు వినగానే "ఆంధ్రావాళ్లా?" అంటారు. విశాఖలో సర్టిఫికెట్ చూసి "ఒరిస్సావాళ్లా?" అంటారు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగాల్లో రాజ్యాంగం 371డి అధికరణం కింద లోకల్ అన్నది మాతృభాష బట్టి కాదు, ఎక్కడ చదివామన్నదాన్ని బట్టి. కాబట్టి ఇక్కడే చదివిన మన పిల్లలు అక్కడ నాన్‌లోకల్. కుల ధ్రువపత్రాలు కూడా ఒక రాష్ట్రానివి ఇంకో రాష్ట్రంలో రిజర్వేషన్‌కి పనికిరావు. పరీక్ష ఫీజు కట్టకముందే ఇది చూసుకోవాలి.

ప్రైవేటులో ఈ ప్రశ్న వేరేలా పనికొస్తుంది. ఒడిశా ప్లాంటులో ఇంటర్వ్యూ ఒడియాలో మొదలై, మీరు తడబడితే హిందీలోకో తెలుగులోకో మారారా, లేక తడబాటునే మార్కుగా రాసుకున్నారా? విశాఖలో మీ ఉత్తరాంధ్ర యాస విని నవ్వారా? భాష పనికి అవసరమైతే అడగనివ్వండి. గనిలో ఒడియా రాని సూపర్‌వైజరు ప్రమాదమే. పనికి అవసరం లేని చోట అదే ప్రశ్న పదిసార్లు వస్తే, రేపు షిఫ్టులు వేసేటప్పుడు కూడా వస్తుంది.

అప్రెంటిస్‌షిప్ సంగతి రెండు ముక్కల్లో: 1961 చట్టం కింద స్టైపెండు వస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది, చివర ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత సంస్థకి లేదు. ఇది మొదటే చెప్పే సంస్థ దగ్గర చేరండి. "పర్మినెంట్ చేసేస్తాం" అని నోటిమాటగా చెప్పే సంస్థని, ఆ మాట ఈమెయిల్లో రాయమనండి.

మూడు ప్రశ్నలు పంపించాం

ఇంతా మాట్లాడుకున్నాక, రెండు చోట్లకీ ఒకే మూడు ప్రశ్నలు పంపమన్నాను. నియామక పత్రం ఎవరి పేరుతో, ఎప్పుడిస్తారు? షిఫ్టు వేళలు ఏమిటి, రాత్రి డ్యూటీ ఉంటే ఇంటికి బస్సు ఉంటుందా? మొదటి వారం ఏం నేర్పిస్తారు? ఆడపిల్లలతో రాత్రి షిఫ్టు చేయించాలంటే వాళ్ల సమ్మతి, భద్రత, రవాణా ఉండాలని కొత్త కోడ్ చెప్తోంది. కాబట్టి రెండోది గొంతెమ్మ కోరికేం కాదు.

పరవాడ నుంచి రెండో రోజు జవాబొచ్చింది: 15వ తేదీలోగా జాయిన్ కండి, మిగతా వివరాలు ఇండక్షన్‌లో చెప్తాం. మళ్లీ రాస్తే అదే వాక్యం, ఈసారి తేదీ కింద గీత.

కాంట్రాక్టరు మనిషి ప్రశ్నలు పంపిన సాయంత్రమే ఫోటోలు పంపాడు. లైసెన్సు కాపీ, పీఎఫ్ కోడ్, పోయిన నెల ఈఎస్‌ఐ చలానా. కింద ఒడియాలో నాలుగు లైన్లు. మా పిల్ల మాకు చదివి చెప్పింది: మొదటి మూడు నెలలు జనరల్ షిఫ్టే, ఆ తర్వాత రాత్రి డ్యూటీ నెలకు ఆరు రోజులు, బస్సు ఉంటుంది కానీ మీ వీధి దాకా రాదు, మెయిన్‌రోడ్డు మీద దింపుతుంది. టెండరు ఇంకా పద్నాలుగు నెలలే ఉంది, ఆ తర్వాత నేను ఉంటానో లేదో చెప్పలేను.

ఆ చివరి లైను దగ్గర మా చెల్లెలు "చూశావా, గ్యారంటీ లేదంట" అంది. నాకు మాత్రం ఆ లైనే నచ్చింది. ఇరవై రెండేళ్లలో ఏ కాంట్రాక్టరూ ఆ మాట రాసివ్వగా చూడలేదు.

పిల్ల ఇక్కడే చేరింది. పద్నాలుగు నెలలు చేసి, అనుభవం కాగితంతో మళ్లీ మందుల కంపెనీలకి రాస్తానంటోంది, ఈసారి ల్యాబు చూపించేవాళ్లకి. హెచ్‌పీఎల్‌సీ పోయిందన్న బాధ నాకు పూర్తిగా పోలేదు. ఆ మాట దానికీ చెప్పాను.

చేరిన రోజు పొద్దున మజ్జిగౌరి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి బస్సెక్కింది. సాయంత్రం ఇంటికి రాగానే అడిగాను, ఒరిజినల్స్ ఏం చేశారని. బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. టైమాఫీసులో జిరాక్సులతో సరిచూసి, సంతకాలు పెట్టి, టీ తాగే లోపే తిరిగి ఇచ్చేశారట.